బళేపేట ధర్మం ఖాతా

4 మార్చి 2025, మంగళవారం

బెంగళూరు బళేపేటలో వాద్యాల అంగళ్ల వరుసలో షట్టర్లు లేచిన కాసేపటికల్లా శ్రుతి తాత దిగుతాడు. తెల్ల పంచె, ఎండాకాలంలోనూ ముదురు నీలం కోటు, కోటు జేబులో గుండ్రటి పిచ్ పైపు. ఏమీ కొనడు, పాడడు, వాయించడు. అంగడి ముందు వేలాడదీసిన తంబూరాల్ని, వీణల్ని ఒక్కొక్కటే మీటుతాడు. నచ్చితే తల ఊపుతాడు. నచ్చకపోతే "తప్పు" అని ఒక్క మాట అని పక్క అంగడికి పోతాడు. ఒకప్పుడు మిల్లులో పని చేసేవాడంటారు. సంగీతం ఎక్కడ నేర్చాడో ఎవరికీ తెలీదు.

ఇవాళ మా చీరల అంగడి సేటు, లెక్కలు రాసే నన్ను ఒక పార్టీ దగ్గరికి బాకీ వసూలుకు పంపితే, ఆ వరుసలోనే పది నిమిషాలు నిలబడాల్సి వచ్చింది. తాత ఒక తంబూరా ముందు ఆగాడు. మీటాడు. మొహం చిట్లించాడు. పంచె అంచులో నుంచి ఒక నూలు పోగు లాగి, తుంచి, తీగకూ అది ఆనుకునే ఎముక పలకకూ మధ్య దూర్చాడు. మీటాడు. పోగును నువ్వుగింజంత వెనక్కి జరిపాడు. మళ్లీ మీటాడు. అంతసేపూ టకటకమన్న తీగ ఒక్కసారిగా గుంయ్‌మని విచ్చుకుంది. అవతల సైకిల్ బండివాడు కూడా తల తిప్పి చూశాడు. దాన్నే జీవాళి అంటారని అంగడి కుర్రాడు చెప్పాడు. దారం సరైన చోట పడేదాకా అది ఉత్త కొయ్యేనట.

"మీరు ఆయన్ని తోలెయ్యరా?" అని అడిగితే వాడు నవ్వాడు.

"ఎందుకన్నా? ఆయన తప్పన్నది మేం మధ్యాహ్నం మళ్లీ శ్రుతి చేస్తాం. ఎప్పుడూ ఆయన చెప్పిందే కరెక్టు. ఫ్రీగా చెక్ చేసి పోతా ఉన్నాడు."

తమాషా ఏమంటే తంబూరాకు పోటీ పుట్టింది కూడా ఈ ఊళ్లోనే. 1979లో జి. రాజ్ నారాయణ్ అనే ఇంజనీరు ఇక్కడే ఎలక్ట్రానిక్ తంబూరా తయారు చేశాడు. ఇప్పుడు అదీ పోయి ఫోన్లో యాప్ వచ్చింది. తాత దగ్గర ఫోన్ లేదు.

9 మార్చి, ఆదివారం

సెలవు. అవెన్యూ రోడ్డు పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు తిరగేశాను. కైలాసం నాటకాల కన్నడ పుస్తకం ఒకటి దొరికింది, అట్ట లేదు. నా కన్నడ చదువు అంగడి బోర్డుల కన్నా ఒక మెట్టే పైన. అయినా కొన్నాను.

టి.పి. కైలాసం జడ్జీ గారి కొడుకు. లండన్ వెళ్లి భూగర్భశాస్త్రం చదివొచ్చాడు. సర్కారు ఉద్యోగం వదిలేసి నాటకాల్లో పడ్డాడు. నాటకాలు కాగితం మీద పెట్టడం కన్నా నోటితో చెప్పి ఇంకొకరి చేత రాయించడమే ఆయన పద్ధతి. సిగరెట్టు, మందు, మాటలు, ఏవీ ఒక పట్టాన ఆగేవి కావు. 1946లో పోయాడు. ఆయన తిక్క గురించి చెప్పుకోని బెంగళూరు ముసలాయన ఉండడు.

ఇంకొకాయన చర్చ్ స్ట్రీట్ ప్రీమియర్ బుక్‌షాప్ షాన్‌భాగ్. 1971 నుంచి 2009 దాకా నడిపాడు. మనిషి పక్కకు తిరిగే చోటు లేని అంగడి, నేల నుంచి కప్పు దాకా పుస్తకాల గుట్టలు. ఏ పుస్తకం అడిగినా ఏ గుట్టలో ఎన్నోదో చూడకుండా చెప్పేవాడు. 2021లో కోవిడ్‌తో పోయాడు. పేపర్లన్నీ ఆయన గురించి రాశాయి.

కైలాసం గురించి పుస్తకాలు వచ్చాయి, షాన్‌భాగ్ గురించి వ్యాసాలు వచ్చాయి. రావాల్సిందే. కానీ ఇదే తిక్క ఇంగ్లీషు రానివాడికి, ఇస్త్రీ చొక్కా లేనివాడికి ఉంటే దాన్ని మనం వేరే పేరుతో పిలుస్తాం. మా శ్రుతి తాత చెవి షాన్‌భాగ్ జ్ఞాపకానికి తక్కువేం కాదు. తాతది చూసి రాసేవాడు ఈ వీధిలో నేనొక్కణ్ణే. నేను రాసేది ఎవరూ చదవరు.

14 మార్చి, శుక్రవారం

హోళి. సేటు ఇంటివాళ్లు, ఎదురు అంగళ్ల మార్వాడీలు పొద్దున్నే రంగులు చల్లుకొని మధ్యాహ్నానికి ఇళ్లకు పోయారు. అంగడి సగం రోజే. ఇవాళే కైవార తాతయ్య జయంతి కూడా. బలిజ సంఘం పోస్టర్లు గోడల మీద కొత్తగా వెలిశాయి.

కైవారం ఇక్కడికి దగ్గరే, చింతామణి తాలూకా. తాతయ్య, అంటే నారాయణప్ప, గాజుల మలారం భుజాన వేసుకొని పల్లె పల్లె తిరిగిన బలిజ. 1726లో పుట్టి 1836లో పోయాడు, నూటపదేళ్లు బతికాడు అంటారు. వ్యాపారం ఏ రోజూ అచ్చి రాలేదు. పరదేశి స్వామి ఒకడు వచ్చి గులకరాయి చేతిలో పెట్టి, ఇది కలకండ అయ్యేదాకా నోట్లో పెట్టుకొని నామం జపించమన్నాడట. ఈయన కొండ గుహలో కూర్చొని రాయి చప్పరిస్తూ ఉండిపోయాడు. ఇంట్లో పొయ్యి వెలగక పెళ్లాం ఏమనుకుని ఉంటుందో ఊహించుకోవచ్చు. తర్వాత తెలుగులో, కన్నడంలో తత్వాలు పాడాడు, కాలజ్ఞానం చెప్పాడు, తాతయ్య అయ్యాడు. రాయి కలకండ కాకపోయి ఉంటే గాజులమ్ముకోవడం చేతకాని తిక్క నారాయణప్పగానే పోయి ఉండేవాడు.

మధ్యాహ్నం ఏం తోచక తులసి తోట వైపు నడిచాను. చెట్టు కింద గాజులమ్మ కూర్చొని ఉంది. ఆమెను అందరూ అలాగే పిలుస్తారు. అసలు పేరు ఎవరూ అడిగినట్టు లేదు. గాజుల అంగళ్ల ముందు రోజూ తిరిగి పగిలిన గాజులే అడుగుతుంది. మంచివి ఇస్తే విసిరికొడుతుంది. ఫిరోజాబాదు నుంచి పెట్టెల్లో వచ్చే సరుకులో పగిలినవి ఎలాగూ ఉంటాయి, అంగళ్లవాళ్లు ఆమె కోసం పక్కన పెడతారు.

ఇవాళ ఆమె పని దగ్గరగా చూశాను. కొవ్వొత్తి వెలిగించి, చుట్టూ ఇటుకలు పెట్టి గాలి ఆపింది. గాజు ముక్కను రెండు చివరలా పట్టుకొని మధ్యభాగం మంటలో పెట్టింది. ఎర్రబడి మెత్తబడే సమయం ఆమె వేళ్లకు తెలుసు. రెండు చివరల్నీ మెల్లగా దగ్గరికి తోసింది. ముక్క వంగి కొక్కెం అయింది. దానిలో ఇంకో ముక్క దూర్చి, అదీ వంచింది. పచ్చ, ఎరుపు, పచ్చ, ఎరుపు. నీలం ముక్క నేను అందిస్తే పక్కకు తోసేసింది. వరస తప్పుతుందట. మా హిందూపురంలో చిన్నప్పుడు ఆడపిల్లలు దీపం దగ్గర చేసేవాళ్లు ఈ గొలుసులు, తలుపులకు కట్టేవాళ్లు. ఇప్పుడు ఆ ఆట ఎవరికీ తెలీదు.

"ఏం చేస్తావమ్మా ఇన్ని?" అన్నాను.

"నీకెందుకప్పా?" అంది. కోలారు తెలుగు. తర్వాత ఏం అనుకుందో, "కొవ్వొత్తి అయిపోయింది, తెచ్చిపెట్టు" అంది.

తెచ్చిపెట్టాను. కుర్రాడొకడు ఫోన్ పట్టుకొని వీడియో తీయబోతే గేటు దగ్గర పూలు అమ్మే ఆవిడ లేచొచ్చి తరిమింది. ఆ పూలావిడే నెలకోసారి గాజులమ్మను నిమ్హాన్స్ మానసిక ఆస్పత్రికి తీసుకుపోయి మాత్రలు తెస్తుందని ఇవాళ తెలిసింది. 2023 జూన్‌లో శక్తి పథకం వచ్చినప్పటి నుంచి ఇద్దరికీ సిటీ బస్సు ఉచితం. "మాత్ర వేసుకున్నా గాజులు మానదు సామీ, రాత్రిళ్లు అరవడం మాత్రం మానింది" అని పూలావిడ చెప్పింది. అంతకన్నా స్పష్టంగా ఏ డాక్టరూ చెప్పలేడు. జబ్బు వేరు, మనిషి తీరు వేరు. మాత్ర జబ్బుకే.

18 మార్చి, మంగళవారం

మార్చి ఆఖరు వస్తోంది. రోజంతా బిల్లులు, జీఎస్టీ, బ్యాంకు స్టేట్‌మెంటు. పెళ్లి గిరాకీ కూడా ఇప్పుడే. ధర్మవరం నుంచి వచ్చినవాళ్లు కూడా ఇక్కడికొచ్చి పట్టుచీరలు కొంటారు. ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. సేటు మాత్రం వాళ్లతో నాకన్నా మంచి తెలుగు మాట్లాడతాడు. "రాండమ్మా, కూచోండి, చల్లగా ఏమన్నా తాగండి." తాతల నాడు మార్వాడ్ నుంచి వచ్చిన కుటుంబం. తెలుగు, కన్నడం, తమిళం, హిందీ, మార్వాడీ అన్నీ వ్యాపారం నేర్పినవే.

సాయంత్రం టేపు సార్ వచ్చాడు. మెడలో దర్జీ టేపు, చేతిలో సుద్దముక్క, చంకలో ఫైలు. కర్ణాటకలో అంగడి బోర్డు మీద 60 శాతం కన్నడం ఉండాలని 2024లో చట్టం సవరించారు కదా, ఆ చట్టాన్ని అమలు చేసే బాధ్యత తనదేనని ఆయన నిశ్చయం. ఎవరూ అప్పగించలేదు. స్టూలు అడిగి ఎక్కి బోర్డు కొలుస్తాడు. దర్జీ టేపు పొడవు 60 అంగుళాలు, చట్టం చెప్పేది 60 శాతం. ఈ రెండూ ఒకటేనని ఆయన నమ్మకం. టేపు నిండా కన్నడ అక్షరాలు పడితే బోర్డు పాస్. పది అడుగుల బోర్డయినా అంతే, మూడు అడుగుల బోర్డయినా అంతే. దాంతో చిన్న అంగళ్లు ఎప్పుడూ ఫెయిలే.

మా పక్క అంగడి చిన్నది. "స్వామీ, నా బోర్డే 40 అంగుళాలు, 60 ఎక్కడి నుంచి తేను?" అని పక్కాయన మొత్తుకుంటే, టేపు సార్ గోడ మీద సుద్దతో ఏదో గుర్తు పెట్టి, "ఒందు తింగళు టైము" అని చెప్పి దిగాడు. ఒక నెల గడువు. ప్రతి నెలా ఇదే గడువు. దిగేటప్పుడు మాత్రం బోర్డు మీద ఒక దీర్ఘం తప్పుందని చూపించాడు. చూస్తే నిజంగానే తప్పు. పెయింటరు ఎప్పుడో చేసింది, ఇన్నేళ్లూ ఎవరి కంటా పడలేదు. పక్కాయన రేపే దిద్దిస్తానన్నాడు.

22 మార్చి, శనివారం

కర్ణాటక బంద్. బెళగావిలో మరాఠీ మాట్లాడలేదని బస్సు కండక్టరును కొట్టిన గొడవ మీద కన్నడ సంఘాలు పిలిచాయి. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా అన్నారు. బస్సులు తిరిగాయి, మెట్రో తిరిగింది. మా వీధిలో సగం షట్టర్ వేసి సగం వ్యాపారం చేశాం. లోపల చీరలు, బయట బంద్.

టీవీలో వాటాళ్ నాగరాజ్. నల్ల కళ్లద్దాలు, నల్ల బొచ్చు టోపీ. నా ఎరుకలో ఆయన ఆ రెండూ లేకుండా కనబడలేదు. చామరాజనగర మాజీ ఎమ్మెల్యే. గాడిదలతో, గేదెలతో ధర్నా చేసినవాడు. ఆయన వాదంతో నాకు పేచీ ఉండొచ్చు, మాలాంటి తెలుగువాళ్లకు ఉంటుంది కూడా. కానీ ఊరంతా గుర్తుపట్టేలా ఒక వేషం కట్టి, దాన్ని ఇన్ని దశాబ్దాలు విడవకుండా మోయడం ఆషామాషీ కాదు. గాడిద ధర్నాను చూసి పేపర్లు నవ్వుతాయి, నవ్వుతూనే ఫోటో మొదటి పేజీలో వేస్తాయి.

టేపు సార్ ఇవాళ ఇస్త్రీ బట్టలు వేసుకొని వచ్చి సర్కిల్ దగ్గర రోజంతా కూర్చున్నాడు. ఒక్క బోర్డూ కొలవలేదు. అడిగితే, బంద్ రోజు డ్యూటీ చేస్తే నియమం తప్పినట్టు అవుతుందన్నాడు.

25 మార్చి, మంగళవారం

పొద్దున టిఫినుకు ఉడుపి శ్రీకృష్ణ భవన్‌కు వెళ్లాను, సాగు మసాలా దోసె కోసం. పక్క బల్ల దగ్గర హనుమంతుడు. మూతి, కిరీటం, గద అన్నీ ఉన్నాయి. గద బెంచీ కింద పెట్టి, తోక మడిచి ఎడమ మోచేతి మీద వేసుకొని దోసె తింటున్నాడు. సర్వరు ఏ మాత్రం ఆశ్చర్యం లేకుండా, "ఆంజనేయా, చట్నీ హాక్లా?" అని అడిగి వేసి పోయాడు.

మాట కలిపితే తెలుగే. బుడగజంగాలు. పగటివేషాలు వాళ్ల కులవృత్తి. ముందు ఊరికొక వారం మకాం వేసి రోజుకొక వేషం కట్టి, ఆఖరి రోజు ఇంటింటికీ పోయి సంభావన అడిగేవాళ్లు. పల్లెలో ఆ పద్ధతి పోయింది. సిటీలో ఒకటే వేషం, రోజంతా.

"రాముడి వేషం వేయవా?" అన్నాను.

"రాముణ్ణి చూసి చెయ్యి జోడిస్తారు సామీ, దుడ్లు తీయరు. హనుమంతుడైతే పిల్లోళ్లు నవ్వుతారు, పెద్దోళ్లు తీస్తారు."

మొహం రంగు గురించి అడిగాను. వాళ్ల నాయన అరదళం, సఫేదా, కొబ్బరినూనె కలిపి అరచేతిలో నూరేవాడట. ఒక గంట పట్టేది, చెమటకు చెక్కు చెదిరేది కాదు. ఇప్పుడు ట్యూబులో వచ్చే రంగు, పదకొండు గంటల ఎండకే గడ్డం కింద కారిపోతుంది. "మా నాయన గానీ ఈ మొహం చూస్తే తంతాడు" అన్నాడు. మెడ దగ్గర చారలు నిజంగానే కారి ఉన్నాయి. రుమాలుతో అద్దుకున్నాడు, తుడవలేదు. తుడిస్తే మళ్లీ వేసుకోవాలి.

లేచి గద తీసుకుంటూ, "దావలో మెంటలోడంటారు సామీ. మెంటలోడు పొద్దున నాలుగింటికి లేచి రంగేసుకుంటాడా?" అన్నాడు. బిల్లు నేనిస్తానంటే ఒప్పుకోలేదు. తిండికి తన దుడ్లే, ఆటకే జనం దుడ్లట.

29 మార్చి, శనివారం

రాత్రి తొమ్మిది దాటినా లెక్కలు తేలలేదు. నగదు పుస్తకంలో చిల్లర తేడా వస్తోంది. మరీ పెద్ద మొత్తం కాదు, కానీ నెలనెలా వస్తోంది. సేటును అడిగితే గల్లాపెట్టె కింద నుంచి ఎర్ర గుడ్డ అట్ట పుస్తకం తీసి ఇచ్చాడు. అది వాళ్ల ఇంటి పద్ధతి చిట్టా. దీపావళికి పూజ చేసి తెరుస్తారు, మళ్లీ దీపావళికి మూస్తారు. కంప్యూటరు లెక్క ఏప్రిల్ నుంచి మార్చి దాకా. రెండింటికీ పొత్తు లేదు.

అందులో ధర్మం ఖాతా అని ఒక పుట. పాత పేట వ్యాపారులందరికీ ఇది ఉండేది. అమ్మకంలో రూపాయికి ఇంతని ధర్మాదాగా పక్కన పెట్టి గుడికో, గోశాలకో, సత్రానికో ఇచ్చేవాళ్లు. సేటు పుటలో పావురాల జొన్నలు ఉన్నాయి, గోశాల రసీదు ఉంది. వాటి మధ్య ఆయన మార్వాడీ రాతలో వేరే పద్దులు. చదివి చెప్పమన్నాను.

శ్రుతి తాత కాఫీ. గాజులమ్మ కొవ్వొత్తులు. టేపు సార్‌కు సుద్దముక్కలు, ఒక డబ్బా. హనుమాన్, శనివారం. విజిల్ వాడికి చెప్పులు.

విజిల్ వాడు సర్కిల్లో ట్రాలీ ఆటోలను వెనక్కి తీయించేవాడు. పోలీసు కాదు, హమాలీ కాదు. వాడు విజిల్ ఊదకపోతే మా సందులోకి లోడు దిగదు. చెప్పులు లేకుండా తిరిగేవాడు, ఇప్పుడెందుకు చెప్పులేసుకున్నాడో ఈ పుస్తకం చూశాక తెలిసింది.

"గోశాల సరే సేటు, టేపు సార్‌కు సుద్దముక్కలు ధర్మమా?" అన్నాను.

"ఆయన సుద్ద లేకపోతే బొగ్గు పట్టుకుంటాడు. బొగ్గయితే గోడ కడిగినా పోదు" అన్నాడు.

ఇది దయ కాదు, వ్యాపారమే అనిపించింది. తర్వాత ఇంకో పద్దు చూశాను. గాజులమ్మకు చలికాలంలో రగ్గు. అందులో సేటుకు మిగిలేదేమీ లేదు. రెండూ ఒకే పుటలో ఒకే చేతిరాతలో ఉన్నాయి. ఆయన వాటిని విడదీయలేదు, నేనూ విడదీయను.

30 మార్చి, ఆదివారం

విశ్వావసు ఉగాది. ఇక్కడివాళ్లు బేవు బెల్ల అని వేపపువ్వు, బెల్లం కలిపి నోట్లో వేసుకుంటారు. మా ఇంట్లో మామిడికాయ లేకపోతే పచ్చడే కాదు. హిందూపురం పోలేదు, ఫోన్ చేశాను.

1 ఏప్రిల్, మంగళవారం

నందిని పాలు లీటరుకు నాలుగు రూపాయలు పెరిగాయి. కాఫీ బండివాడు కూడా పెంచాడు. శ్రుతి తాతకు ఈ సంగతి చెప్పలేదట. పాత రేటే అనుకొని తాగిపోయాడు. మిగతాది సేటు పద్దులో రాసుకోమన్నాడట. ఎర్ర పుస్తకంలో ఆ పుట ఇంకొంచెం పొడవు.

తాత ఇవాళ నాతో మాట్లాడాడు. మెట్రో సొరంగం తవ్వేటప్పుడు ఈ నేల కింద నుంచి చిక్కపేట స్టేషన్‌కూ మెజెస్టిక్‌కూ మధ్య కృష్ణ, గోదావరి అనే రెండు యంత్రాలు పోయాయి. గోదావరి మధ్యలో పాడై చాలా రోజులు మట్టిలోనే ఉండిపోయింది. 2017 జూన్‌లో గానీ రైలు పరుగెత్తలేదు. అప్పుడు తాత పేవ్‌మెంటు మీద చెవి ఆనించి పడుకునేవాడని వాద్యాల కుర్రాళ్లు కథగా చెప్పుకుంటారు. నిజమేనా అని అడిగాను.

"గోదావరి అపశ్రుతి" అన్నాడు. "మొదటి దినమే చెప్పినా. ఎవురు వింటారు?"

13 ఏప్రిల్, ఆదివారం

నిద్ర లేదు. రాత్రి కరగ. చైత్ర పౌర్ణమి. ధర్మరాయస్వామి గుడి నుంచి అర్ధరాత్రి దాటాక బయలుదేరింది. తిగళ కులస్థుల పండుగ. పూజారి ఆడవేషంలో, నెత్తి మీద మల్లెపూల గోపురం లాంటి కరగ, చేతితో పట్టుకోకుండా. చుట్టూ కత్తులు పట్టిన వీరకుమారులు, గోవింద నామం. నేను కాటన్‌పేటలో తవక్కల్ మస్తాన్ దర్గా దగ్గర నిలబడ్డాను. ద్రౌపదమ్మ కరగ ప్రతి ఏటా ఆ దర్గాకు వచ్చిగాని పోదు. వచ్చింది, ఆగింది, పోయింది. తోపులాటలో నా చెప్పు ఒకటి తెగింది.

తవక్కల్ మస్తాన్ పద్దెనిమిదో శతాబ్దం ఫకీరు. లోకం తెలివి లేకుండా దేవుడి మత్తులో తిరిగేవాళ్లను ఆ రోజుల్లో మస్తాన్లనేవాళ్లు. వాళ్లను చూసి పిల్లలు రాళ్లేసి ఉంటారు, పెద్దలు ఛీ అని ఉంటారు. కానీ ఆర్కాటులో టిప్పు మస్తాన్ ఔలియా అనే ఫకీరు పేరే హైదర్ అలీ తన కొడుక్కు పెట్టుకున్నాడు. టిప్పు సుల్తాన్ పేరు అలా వచ్చిందే. మన వైపు చూస్తే నెల్లూరు జిల్లా కసుమూరులో మస్తాన్ వలీ, గుంటూరులో కాలే మస్తాన్ వలీ. ఆ మొక్కులతో పుట్టిన హిందువుల పిల్లలు మస్తానయ్యలు, మస్తానమ్మలు, మస్తాన్‌రావులు. మా అంగడికి వచ్చే ఖాతాదారుల్లోనే ఇద్దరు మస్తాన్‌రావులున్నారు.

సమాధి కట్టాక మొక్కడం సులువు. మనిషి బతికి వీధిలో తిరిగేటప్పుడు కాఫీ పోసినవాడెవడో, గాయం కట్టినవాడెవడో చరిత్రలో ఉండడు. కాటన్‌పేటలో కూడా అప్పుడొక అంగడివాడు ఉండే ఉంటాడు.

జనంలో గాజులమ్మ కనిపించింది. పూలావిడ చెయ్యి పట్టుకొని ఉంది. మెడలో ఆమె గొలుసు, పచ్చ, ఎరుపు, పచ్చ, ఎరుపు. ఎవరో కుర్రాడు వెక్కిరిస్తే పక్కనున్న వీరకుమారుడు కత్తితో పక్కకు జరగమన్నట్టు సైగ చేశాడు. కుర్రాడు జరిగాడు.

15 ఏప్రిల్, మంగళవారం

ఆడిటరు వచ్చాడు. మంచివాడే, కుర్రవాడు, ల్యాప్‌టాప్ మీద నుంచి తల ఎత్తడు. చిల్లర తేడా దగ్గర ఆగి వివరం అడిగాడు. ఎర్ర పుస్తకం చూపించాను. సేటు చదివాడు, నేను తెలుగులో చెప్పాను, ఆయన ఇంగ్లీషులో కొట్టుకున్నాడు. టేపు సార్ సుద్దముక్కల దగ్గర వేళ్లు ఆగాయి.

"ఇది వ్యాపార ఖర్చు కాదు సార్" అన్నాడు. "డొనేషన్ అందామంటే 80జీ కింద రిజిస్టరైన సంస్థ రసీదు ఉండాలి. గోశాలకు ఉంది. వీళ్లకు?"

"కాఫీ తాగి రసీదు ఇవ్వరు" అన్నాడు సేటు.

"పోనీ వీళ్లు మీకు ఏదైనా పని చేస్తారా? కూలి అని రాస్తాను."

సేటు ఆలోచించాడు. విజిల్ వాడు లోడు దింపిస్తాడు, అది పనే. మిగతావాళ్లు? తాత మా అంగట్లో ఏ తీగా మీటలేదు. గాజులమ్మ మా చీర ఒక్కటీ కొనలేదు. "పని లేదు. వీధిలో ఉంటారు. అంతే" అన్నాడు.

పెద్ద ఆస్పత్రులున్నాయి, పథకాలున్నాయి, చట్టాలున్నాయి. అవన్నీ కావాలి, గాజులమ్మకు మాత్రలు అక్కడి నుంచే వస్తున్నాయి. కానీ ఆమెను బస్సెక్కించేది పూలావిడ. తాత పొద్దున రాకపోతే సాయంత్రానికి ఎక్కడున్నాడని వాకబు చేసేది వాద్యాల కుర్రాడు. అంగళ్లు ఒక్కొక్కటే గోడౌన్లయి మనుషులు లేని షట్టర్లు పడితే ఆ వాకబు చేసేవాడు ఉండడు. మాల్‌లో అయితే శ్రుతి తాతను గేటు దగ్గరే సెక్యూరిటీ ఆపేస్తుంది.

ఆడిటరు చెప్పినట్టే మొత్తం సేటు సొంత వాడకం కింద రాశాను. దానికి పన్ను మినహాయింపు రాదు. రాకపోతే పోనీ అన్నాడు సేటు. చట్టం లెక్కన ఆడిటరు మాటే సరి. నా లెక్కన ఈ ఏడాది మా అంగడి పెట్టిన ఖర్చుల్లో దండగ కానివి ఏవని ఎవరైనా అడిగితే మొదట చూపించేది ఆ ఎర్ర పుటే.